లీడర్‌షిప్ పుస్తకాల కంటే ముందు ఒక నిషిద్ధ కావ్యం పీఠిక చదవండి

మార్చి నెల వచ్చిందంటే వాట్సాప్ గ్రూపుల్లో జాబితాలు తిరగడం మొదలవుతుంది. ఎదగాలనుకునే ప్రతి ఆడపిల్లా చదవాల్సిన పుస్తకాలట. చాలామటుకు అమెరికన్ కంపెనీల పెద్దలు రాసినవి, లేదంటే వాళ్లను చూసి రాసినవి. మీటింగులో వెనక కుర్చీలో కూర్చోకు, జీతం పెంచమని అడగడానికి మొహమాటపడకు, ప్రతి మాటా "సారీ"తో మొదలుపెట్టకు. తప్పుడు సలహాలేం కావు. కాకపోతే అన్నీ ఆ అమ్మాయి నడవడిక గురించే. ఎలా కూర్చోవాలి, ఎలా నిలబడాలి, ఎంత నవ్వాలి. మన నానమ్మలకు చెప్పినవీ ఇవేగా! అప్పుడు తల వంచుకోమన్నారు, ఇప్పుడు ఎత్తుకోమంటున్నారు.

మా అన్నయ్య కూతురు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. టీమ్ లీడ్ అయ్యాక వచ్చిన మొదటి అప్రైజల్‌లో ఒక వాక్యం రాశారట: పని బాగుంది, మాటతీరు కాస్త మార్చుకోవాలి. ఏ మాట, ఎవరితో, ఎప్పుడు అన్నది లేదు. "అత్తా, నువ్వు పేపర్లో అన్నేళ్లు పనిచేశావుగా, చదవడానికి ఏవైనా చెప్పు" అంది. దానికి కావలసినవి మాటతీరు పుస్తకాలు. నేను చెప్పినవి వేరే. అవే ఎందుకు చెప్పానో రాద్దామని ఇది మొదలుపెట్టాను.

నా లెక్కలో ఆడదాని పేరు ఆమె ప్రవర్తన వల్ల తయారయ్యేది తక్కువ. ఆమె గురించి రాసే కుర్చీలో ఎవరున్నారో దాన్నిబట్టి తయారయ్యేదే ఎక్కువ. పత్రిక డెస్కులో నాలుగు రోజులు కూర్చున్నవాళ్లెవరికైనా ఇది తెలుసు. అందుకని నాయకత్వం గురించి చదవాలనుకునేవాళ్లు ముందుగా చదవాల్సింది పేర్లు ఎలా కట్టారో, ఎలా చెరిపేశారో, చెరిపేసినవాటిని ఎవరు మళ్లీ రాశారో చెప్పే పుస్తకాలు. అలాంటివి తెలుగులోనే ఉన్నాయి. ఎక్కడికో పోనక్కర్లేదు.

మొదటిది "రాధికా సాంత్వనం". కావ్యం తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు. ముందు కర్ణాటక సంగీత విద్వాంసురాలు బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో దాన్ని అచ్చువేసినప్పుడు రాసిన పీఠిక చదవాలి.

కథ తెలియనివాళ్ల కోసం కాస్త వెనక్కి వెళతాను. ముద్దుపళని 18వ శతాబ్దంలో తంజావూరు మరాఠా రాజు ప్రతాపసింహుడి ఆస్థానంలో ఉన్న కవయిత్రి. దేవదాసీ కుటుంబం. రాధ తన చేతులతో పెంచి పెద్దచేసిన ఇళను కృష్ణుడికిచ్చి పెళ్లి చేస్తుంది, ఆపైన తనే ఓర్చుకోలేక అలుగుతుంది, కృష్ణుడు వచ్చి బతిమాలుకుంటాడు. అదీ కావ్యం. శృంగారం నిండుగా ఉంటుంది, దాపరికమేమీ లేదు. ఆ సంగతి అలా ఉంచి అవతారిక చూడండి, అంటే కావ్యం మొదట్లో కవి తన గురించి చెప్పుకునే భాగం. వంశం చెప్పుకునేటప్పుడు తన ఇంటి ఆడవాళ్ల పేర్లు చెప్పుకుంటుంది. పండితుల్ని సత్కరించి, కావ్యాలు అంకితం పుచ్చుకున్న ఆడది తన జాతిలో తను కాక ఇంకెవరున్నారని ధీమాగా అడుగుతుంది. ఇప్పటి లెక్కలో అది ఆమె బయోడేటా.

1887లో వచ్చిన అచ్చుప్రతిలో ఆ అవతారికే ఎగిరిపోయింది. కొన్ని పద్యాలూ పోయాయి. పద్యాలు తీసేశారంటే సరే, ఆ కాలపు భయాలు ఆ కాలానివి. ఆమె ఎవరి మనవరాలు, ఎవరికి సన్మానం చేసింది, ఎవరు ఆమెకు పుస్తకం అంకితమిచ్చారు అన్న సమాచారం ఎవరికి బూతైంది? ఒక మనిషి పరపతిని చెరిపేసే పని ఇలాంటి చోటే మొదలవుతుంది. తిట్టక్కర్లేదు, ఎడిటింగ్‌లో తీసేస్తే చాలు.

తిట్లు తర్వాత వచ్చాయి. "ఆంధ్ర కవుల చరిత్ర"లో వీరేశలింగం గారు ఆమెకు పాండిత్యముందని, శైలి మృదువుగా ఉందని ఒప్పుకుంటూనే, ఆమె కులవృత్తిని పట్టుకుని ఆమెనూ, ఆడది వినకూడని సంగతుల్ని ఆడదే రాసిందని ఆమె కావ్యాన్నీ దులిపేశారు. ఆయన ఎవరు? వితంతు వివాహాలు జరిపించినవారు, ఆడపిల్లలకు బడి పెట్టినవారు, ఆడవాళ్ల కోసం 1883లోనే "సతీహితబోధిని" పత్రిక తెచ్చినవారు. తెలుగునాట స్త్రీల అభ్యున్నతి అనగానే మొదట తలచుకునే పేరు. నాకు ఈ గొడవ అంత విలువైనదిగా కనిపించడానికి కారణం అదే. ఆడవాళ్లంటే గిట్టనివాడు వచ్చి పేరు పాడుచేస్తే దానిలో నేర్చుకునేది ఏముంది? మన మేలు కోరే పెద్దమనిషి, మనకు చదువు చెప్పించిన చేత్తోనే, ఫలానా ఆడది ఆడవాళ్ల లెక్కలోకి రాదని రాసేస్తే ఏం చెయ్యాలి?

నాగరత్నమ్మ ఏం చేసిందో చూడండి. ముందు తాళపత్ర ప్రతి సంపాదించింది, అచ్చుప్రతితో పోల్చుకుంది, పోయిన పద్యాలు చేర్చి పుస్తకం పరిష్కరించింది. పీఠికలో పంతులుగారి అభిప్రాయాన్ని ఎదురుగా పెట్టుకుని ప్రశ్నలు వేసింది. సిగ్గూ శరమూ ఆడవాళ్లకేనా, మగవాళ్లకు అక్కర్లేదా అంది. వేశ్య కాబట్టి అలా రాసిందంటే, గౌరవనీయులైన మగకవుల పుస్తకాల్లో ఇంతకంటే పచ్చివి లేవా అంది. అక్కడితో ఆగితే అది ఉత్త ఉక్రోషంగానే మిగిలేది. స్వయంగా పంతులుగారే చూసి అచ్చుకు సరేనన్న "వైజయంతీ విలాసం" మాటేమిటని పుస్తకం పేరుతో సహా అడిగింది.

ఆమె చెయ్యని పని కూడా ఒకటుంది, అదే నాకు ముఖ్యం. ముద్దుపళని చాలా మంచిదనీ, గుణవంతురాలనీ ఎక్కడా సంజాయిషీ ఇవ్వలేదు. గుణం గురించిన చర్చలోకి దిగితే ఎదుటివాళ్ల మైదానంలో ఆడినట్టే. కొలబద్ద అందరికీ ఒకటేనా అన్నదొక్కటే ఆమె పట్టు. సంగీతం పాడుకునే ఒక దేవదాసి, తెలుగు సాహిత్యంలో అంతటి పెద్దాయనకు, సాక్ష్యం చేతిలో పట్టుకుని జవాబు రాసింది. అదీ 1910లో! నేనైతే నాయకత్వ శిక్షణ తరగతుల్లో మొదటి రోజు ఆ పీఠిక చదివిస్తాను. గొంతు ఎత్తకుండా ఎంత గట్టిగా మాట్లాడొచ్చో దానికంటే బాగా నేర్పే పాఠం నాకు తెలియదు.

గెలిచిందా అంటే వెంటనే గెలవలేదు. వేశ్య రాసినదాన్ని మరో వేశ్య అచ్చువేసిందని పత్రికలో ఎద్దేవా చేశారు. 1911లో ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. స్వాతంత్ర్యం వచ్చే రోజుల్లో, టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధానిగా ఉండగా గానీ ఆ నిషేధం తొలగలేదు. 1952లో వావిళ్ల వారు మళ్లీ అచ్చువేశారు. నాగరత్నమ్మ పోయింది కూడా ఆ ఏడాదే. నాలుగు దశాబ్దాలు! ఈ మధ్యలో ఆవిడ ఊరికే కూర్చోలేదు. తిరువయ్యారులో త్యాగయ్య సమాధి పాడుబడి ఉంటే తన సొమ్ముతో గుడి కట్టించింది. ఆరాధనలో ఆడవాళ్లను పాడనివ్వకపోతే 1927 నుంచి ఆడవాళ్లతోనే వేరుగా ఆరాధన నడిపింది. వాళ్లూ వీళ్లూ కలిసి ఒకే ఉత్సవం చెయ్యడానికి ఇంకో పదేళ్ల పైన పట్టింది. ఈవేళ పంచరత్న కీర్తనలు టీవీలో వస్తుంటే వరసల్లో కూర్చున్న ఆడవాళ్లను చూసి ఇదంతా మొదట్నుంచీ ఇలాగే ఉందనుకుంటాం.

రెండోది భండారు అచ్చమాంబ "అబలా సచ్చరిత్ర రత్నమాల", 1901. దీని భాష ఇప్పటివాళ్లకు కష్టమే, గ్రాంథికం. అయినా మొదటి పేజీలైనా చదవండి. ఆడవాళ్లు పుట్టుకతోనే బలహీనులు, తెలివి తక్కువవాళ్లు, చదువు చెప్పిస్తే చెడిపోతారు అని ఆ రోజుల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు అంటుంటే, దానికి ఆమె వాదనతో జవాబు చెప్పలేదు. చరిత్రలో ఉన్న ఆడవాళ్ల జీవితాలు వరసగా రాసి ముందు పెట్టింది. ఇంట్లో చదువు చెప్పించకపోతే తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు పక్కన కూర్చుని నేర్చుకున్న మనిషి. 1902లో బందరులో స్త్రీ సమాజం పెట్టింది, "హిందూ సుందరి" పత్రికలో రాసింది, విదేశీ స్త్రీల చరిత్రలు కూడా రాయాలనుకుంది. ముప్పై ఏళ్లకే, 1905లో పోయింది. సంఘం పెట్టడం, పత్రికలో రాయడం, పుస్తకం తేవడం ఆమెకు మూడు వేరు వేరు పనులు కావు. ఒకటి లేకపోతే మిగతావి నిలబడవని ఆమెకు ఎవరు చెప్పారో!

కొంతమంది అంటారు, అవన్నీ పాత కాలం సంగతులు, ఇప్పుడు లెక్కలు మాట్లాడతాయి, షేర్ల ధరకు ఆడా మగా తేడా తెలియదు అని. వాళ్లకోసం ఒక చిన్న సంగతి. 2003లో లండన్ "టైమ్స్"లో ఒక వార్త వచ్చింది. బోర్డులో ఆడవాళ్లున్న కంపెనీలు షేర్ మార్కెట్లో వెనకబడుతున్నాయని, కాబట్టి వాళ్లు రావడం కంపెనీలకు మంచిదేనా అని. అంకెలు నిజమే. ఎక్సెటర్ విశ్వవిద్యాలయంలో మిషెల్ రయాన్, అలెగ్జాండర్ హాస్లమ్ అనే ఇద్దరు పరిశోధకులు అవే కంపెనీలను తీసుకుని తేదీలు చూశారు. మార్కెట్ పడిపోతున్న ఆ రోజుల్లో ఆడవాళ్లను తీసుకున్న కంపెనీలు, వాళ్లు రాకముందు నుంచే కొన్ని నెలలుగా దెబ్బతింటూ ఉన్నాయి. మునిగే పడవ తెడ్డు చేతికిచ్చి, మునిగాక నీవల్లే మునిగిందన్నట్టు. 2005లో వాళ్లు రాసిన ఆ వ్యాసం చదవడం కష్టం కాదు, దొరికితే చదవండి. పత్రికలో వచ్చిన అంకె ముందుదా వెనకదా అని తేదీ చూడటం అలవాటవుతుంది.

మళ్లీ ఇంటికొద్దాం. "మనకు తెలియని మన చరిత్ర", 1986. హైదరాబాద్‌లో స్త్రీ శక్తి సంఘటన వాళ్లు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్లను వెతుక్కుంటూ వెళ్లి, టేప్ రికార్డర్ ముందు పెట్టి మాట్లాడించి తెచ్చిన పుస్తకం. చిట్యాల ఐలమ్మ, మల్లు స్వరాజ్యం, దూడల సాలమ్మ, మోటూరి ఉదయం, కమలమ్మ, ఇంకా ఎందరో. నాయకత్వం గురించి ఇంతకంటే మంచి పుస్తకం తెలుగులో ఉందంటే నేను నమ్మను. ఎందుకంటే ఇందులో గెలుపు కథల కంటే గెలుపు తర్వాత కథ ఎక్కువ. దళంలో తుపాకి పట్టినవాళ్లు, కబుర్లు మోసినవాళ్లు, అడవిలో కన్నబిడ్డను ఎవరి చేతుల్లోనో పెట్టాల్సి వచ్చినవాళ్లు, 1951లో పోరాటం ఆపేశాక ఇక ఇళ్లకు పొండి అన్న మాట విన్నారు. ఏ ఇంటికి? ఊళ్లో ఏమంటారు? ఇన్నాళ్లు మగవాళ్లతో అడవిలో తిరిగొచ్చిన ఆడదాన్ని ఎవరు చేసుకుంటారు? పార్టీ చరిత్రలు రాసిన పెద్దలకు ఈ ప్రశ్నలు తట్టలేదు. దాదాపు ముప్పై అయిదేళ్ల తర్వాత ఆడవాళ్లు వెళ్లి అడిగితేనే బయటికొచ్చాయి.

ఆ పుస్తకంలో మాట్లాడిన కొండపల్లి కోటేశ్వరమ్మ 2012లో, తొంభై దాటాక, "నిర్జన వారధి" రాసింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. బాల్యంలోనే వితంతువైంది, మళ్లీ పెళ్లి చేసుకుంది, ప్రజానాట్యమండలిలో పాడింది, ఆడింది, అజ్ఞాతంలో గడిపింది. భర్త, తర్వాత పీపుల్స్ వార్ పార్టీ పెట్టిన కొండపల్లి సీతారామయ్య, వదిలేసి వెళ్లాక, పిల్లల తల్లి, హైదరాబాద్‌లో ఆంధ్ర మహిళా సభలో చేరి మెట్రిక్ చదివింది. తర్వాత కాకినాడలో హాస్టల్ మేట్రన్‌గా పనిచేసింది. కొడుకునూ కూతుర్నీ పోగొట్టుకుంది. నూరేళ్లు బతికి 2018లో పోయింది. ఇంత చేసిన మనిషిని ఇప్పటికీ ఎవరికైనా పరిచయం చెయ్యాలంటే ముందు ఆయన పేరే చెబుతారు. పుస్తకంలో ఆమె ఎక్కడా ఆయన మీద కత్తి దూయదు, అలాగని కప్పిపుచ్చదు. తన వైపు నుంచి తన లెక్క తను రాసుకుంది. ఏడుపు రాని పేజీలు ఎక్కువ, అవే ఎక్కువ కదిలిస్తాయి.

ఆంధ్ర మహిళా సభ మాటొచ్చింది కాబట్టి దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఆమె గురించి మనకందరికీ ఒక కథ తెలుసు. 1923 కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర టికెట్టు లేదని నెహ్రూను ఆపేసిన పద్నాలుగేళ్ల వాలంటీరు. ఏ పత్రిక ఆమె జయంతికి ఏం వేసినా ముందు ఆ కథే వేస్తుంది. డెస్కులో ఉన్నప్పుడు ఆ కథ మళ్లీ మళ్లీ చేతిలోకొస్తే నాకు ఒళ్లు మండేది. ఏం, ఆమె ఆ తర్వాత ఇంకేం చెయ్యలేదా? ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లింది, లా చదివింది, 1937లో మహిళా సభ పెట్టింది, రాజ్యాంగ సభలో కూర్చుంది, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలైంది, స్త్రీ విద్య మీద జాతీయ కమిటీకి అధ్యక్షత వహించి 1959లో నివేదిక ఇచ్చింది. కానీ గేటు దగ్గర నిలబడ్డ ముద్దుల పాపే అందరికీ నచ్చుతుంది. బడ్జెట్టు పట్టుకుని కూర్చున్న నడివయసు ఆడమనిషి ఫోటో ఎవరికి కావాలి?

ఆమె ఆత్మకథ "చింతామన్ అండ్ ఐ" 1980లో ఇంగ్లిషులో వచ్చింది. పుస్తకం పేరులో భర్త పేరు ముందు, తను వెనక. నాకు అది నచ్చలేదు, ఆవిడ ఇష్టం ఆవిడది. అయినా చదవమంటాను, వేరే కారణానికి. సంస్థ కట్టడమంటే ఏమిటో అందులో కనిపిస్తుంది. స్థలం ఎవర్నడగాలి, డబ్బు ఎలా పోగుచెయ్యాలి, ప్రభుత్వంలో ఎవరి చేత ఏ కాగితం మీద సంతకం పెట్టించాలి. మనవాళ్లు నాయకత్వమంటే ప్రసంగం అనుకుంటారు. ఫైలు అనుకున్నవాళ్లు కట్టినవే మిగిలాయి. ముప్పై దాటిన కోటేశ్వరమ్మకు మెట్రిక్ చదువుకోవడానికి ఒక చోటు దొరికిందంటే ఆ ఫైళ్లవల్లే.

ఇక నాకు బాగా దగ్గరైన సంగతి, పత్రికలు.

1992. నెల్లూరు జిల్లా కలిగిరి మండలం దూబగుంట. అక్షరాస్యత ఉద్యమంలో రాత్రిబడికి వచ్చే ఆడవాళ్లకు ఇచ్చిన వాచకంలో ఒక పాఠం ఉంది, "ఆడవాళ్లు ఏకమైతే". అక్షరాలు కూడబలుక్కుంటూ ఆ పాఠం చదివినవాళ్లు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. మొగుళ్ల కూలి డబ్బులు సారా ప్యాకెట్లకు పోతున్నాయి, ప్రభుత్వమే "వారుణి వాహిని" పేరుతో ప్యాకెట్లలో నింపి ఇంటి ముందుకు పంపిస్తోంది. వాళ్లు సారా దుకాణం మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. నెల్లూరులో సారా వేలం పాటలు పదేపదే వాయిదా పడ్డాయి. 1993 అక్టోబర్ 1న రాష్ట్రంలో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం. నాయకత్వం మీద మంచి పుస్తకం చెప్పమని నన్నడిగితే ఆ రాత్రిబడి వాచకం చెబుతాను. ఒక్క పాఠంతో రాష్ట్ర ఖజానాను కదిలించిన పుస్తకం ఇంకొకటి చూపించండి.

ఆ ఉద్యమం అంత దూరం పాకడంలో పత్రికలకు వాటా ఉంది. "ఈనాడు" సారా పోరాటానికి రోజూ ఒక పేజీ ఇచ్చింది. ఒక ఊరి ఆడవాళ్లు చేసిన పని పక్క జిల్లా ఆడవాళ్లకు మర్నాడే తెలిసేది, వాళ్లూ చేసేవాళ్లు. అదంతా నిజమే. కానీ పేజీ ఇచ్చినవాళ్లది, తీసేసే హక్కూ వాళ్లదే. 1997లో మద్య నిషేధం ఎత్తేసేనాటికి పత్రికల్లో చర్చ అంతా ఆదాయం చుట్టూ తిరిగింది. అయిదేళ్ల కిందట మొదటి పేజీలో పేరుతో సహా కనిపించిన ఆడవాళ్లు మళ్లీ వెనక పేజీల్లో "మహిళలు ఆందోళన" అయిపోయారు. పేర్లు పోయి బహువచనం మిగిలింది.

డెస్కులో రోజూ జరిగేది చెబుతాను, ఏ పత్రికన్నది ముఖ్యం కాదు. రాత్రి జిల్లా పేజీలు పెట్టే వేళ. మండలం నుంచి స్ట్రింగర్ పంపిన ఐటమ్: సీసీ రోడ్డు ప్రారంభోత్సవం. "సర్పంచ్ భర్త ఫలానా మాట్లాడుతూ గ్రామాభివృద్ధే ధ్యేయమన్నారు." ఫోటోలో రిబ్బన్ ఆయన చేతిలో ఉంది. చివర్న కొంగు భుజం చుట్టూ కప్పుకుని ఒకావిడ నిలబడి ఉంది, చేతిలో పూలగుత్తి. సర్పంచ్ ఆవిడేనట.

"ఆవిడేమన్నారు?" అని ఫోన్ చేసి అడిగాను.

"ఆవిడేం మాట్లాడలేదు మేడమ్."

"అడిగావా?"

"ఆవిడ ఫోను కూడా ఆయన దగ్గరే ఉంటుంది మేడమ్. ఆయన్ని కాదని అడిగితే రేపట్నుంచి నాకు వార్తలివ్వరు."

స్ట్రింగర్‌ది తప్పని నేననను. లైను లెక్కన డబ్బులొచ్చేవాడు, ఊళ్లో తిరగాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లో పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్లవే. చట్టం కుర్చీ ఇచ్చింది. వార్త మాత్రం కుర్చీ వెనక నిలబడ్డాయన పేరు రాసింది. ప్రపంచమంతా అంతో ఇంతో ఇదే తంతు. వార్తల్లో కనిపించే, వినిపించే మనుషుల్లో ఆడవాళ్లెందరని అయిదేళ్లకోసారి లెక్కపెట్టే గ్లోబల్ మీడియా మానిటరింగ్ ప్రాజెక్ట్ 1995లో 17 శాతం అని చెప్పింది, 2020లో 25 అంది. పాతికేళ్లలో ఎనిమిది. ఈ ఊపున సగానికి ఎప్పుడొస్తామో మీరే లెక్కేసుకోండి.

అందుకే నా జాబితాలో పుస్తకం కానిది ఒకటి ఉంది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు తీసిన సినిమాలు, వాళ్లు మాచ్‌నూర్‌లో నడిపే సంఘం రేడియో. ఎక్కువమంది దళిత స్త్రీలు, కూలి చేసుకుని, కాస్త నేల సాగు చేసుకుని బతికేవాళ్లు, బడి ముఖం పెద్దగా చూడనివాళ్లు. కెమెరా పట్టడం నేర్చుకుని చిరుధాన్యాల గురించి, విత్తనాల గురించి వాళ్లే సినిమాలు తీశారు. రేడియో 2008 అక్టోబర్ 15న మొదలైంది, దాన్ని నడిపిందీ వాళ్లే. కెమెరా కోణాలకు వాళ్లు తమ పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసేది పటేల్ షాట్, ఎందుకంటే పటేలు తమను చూసేది అలాగే. కింద నుంచి పైకి చూసేది బానిస షాట్. కళ్లకు కళ్లు సమానంగా పెట్టి తీసేది సంఘం షాట్, సంఘంలో అందరూ చాప మీద ఒకే ఎత్తున కూర్చుంటారు కాబట్టి. నేను జర్నలిజం నేర్చుకున్న చోట ఫ్రేమ్ గురించి చాలా చెప్పారు. ఫోటో తీసేవాడు ఎక్కడ నిలబడ్డాడన్నది కులం సంగతి కూడా అని మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆ మాటే నా జాబితాకూ తగులుతుంది. అచ్చమాంబ, దుర్గాబాయి, ఉద్యమాల్లోకి వచ్చిన భూస్వాముల ఇంటి ఆడపిల్లలు, వీళ్లందరికీ ఎంతో కొంత చదువో ఆసరానో ఉంది. గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన దళిత స్త్రీల సాహిత్య సంకలనం "నల్లపొద్దు" పక్కన పెట్టుకోకుండా వీళ్లను చదివితే, తెలుగు ఆడవాళ్లంటే ఫలానా ఇళ్లవాళ్లే అన్న భ్రమలో పడతాం. ఆ పుస్తకం ఇప్పుడు షాపులో దొరక్కపోతే పాత పుస్తకాల వాళ్లనడగండి, లేదా మంచి లైబ్రరీలో చూడండి. ముద్దుపళని అవతారికను తీసేసినవాళ్లను తిడుతూ, నేనే ఇంకొకరిని తీసేస్తే ఎలా?

మా మేనకోడలు పీఠికతోనే మొదలుపెట్టింది. పాత తెలుగు అర్థంకాక నాకు ఫోన్లు చేసి మరీ చదివింది. చదివాక మేనేజర్‌కు మెయిల్ పెట్టిందట: మాటతీరు మార్చుకోవాలన్నారు, ఏ సందర్భంలో ఏ మాట ఇబ్బంది కలిగించిందో ఒక్కటి చెప్పండి, అదే సందర్భంలో మిగతా లీడ్లు ఏమన్నారో కూడా చూద్దాం అని. అది ప్రత్యేకంగా ఒక సంఘటన గురించి కాదు, మొత్తమ్మీద వచ్చిన అభిప్రాయం అని జవాబొచ్చింది. "చూశావా, వైజయంతీ విలాసం దొరకలేదు వాళ్లకి" అని నవ్వింది.

మా ఇద్దరికీ తేడా వచ్చింది ఒక్క చోట. ఇకమీదట మీటింగ్ మినిట్స్ నువ్వే రాయమన్నాను. ఎవరేమన్నారో కాగితం మీద పెట్టేవాళ్లదే ఆఖరి మాట అని నా నమ్మకం. అది ఒప్పుకోలేదు. "అత్తా, మా ఆఫీసులో మినిట్స్ ఎప్పుడూ ఆడపిల్లలకే అంటగడతారు. రాసేవాళ్లకి మాట్లాడే ఖాళీ ఉండదు. మాట్లాడని మనిషి పేరు మినిట్స్‌లో ఎక్కడుంటుంది?" అంది. దాని అమెరికన్ పుస్తకాల్లో కూడా అదే రాసుందట, మినిట్స్ రాయడానికి ముందుకు రావద్దని. ఆ పుస్తకాలకు ఈ ఒక్క మార్కు ఇవ్వక తప్పలేదు. చివరికి టీమ్‌లో అందరూ వంతులవారీగా రాసేట్టు, పంపేముందు తను చూసి దిద్దేట్టు పెట్టింది. మొదటి వంతు మాత్రం, అప్రైజల్ రాసినాయనకే వేసిందట.